ఓపియాయిడ్ మందులు, వ్యసన రుగ్మతలు: దంతవైద్యులకు శిక్షణ ఎలా ఇవ్వాలి

అమెరికాలో ఓపియాయిడ్ నొప్పి మందులు (మార్ఫిన్ తరహాలో మెదడు మీద పనిచేసి, వ్యసనానికి దారితీయగలవి) రాయాలంటే దంతవైద్యునికి రాష్ట్ర లైసెన్సుతో పాటు కేంద్ర మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ డీఈఏ రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి. దానిని మూడేళ్ళకొకసారి రెన్యువల్ చేయించుకోవాలి. 2022 డిసెంబరు 29న చట్టమైన మేట్ యాక్ట్ ప్రకారం, 2023 జూన్ 27 నుంచి తొలిసారి రిజిస్టర్ చేసుకునేవారైనా, రెన్యువల్‌కు వెళ్ళేవారైనా, ఓపియాయిడ్‌లు లేదా ఇతర మత్తు పదార్థాల వాడకం రుగ్మతగా మారిన రోగుల చికిత్సపై ఎనిమిది గంటల శిక్షణ పొందామని ఒకసారి ధ్రువీకరించాలి. పశువైద్యులు ఈ నిబంధన కిందికి రారు. పంటి నొప్పిని మందులతో సురక్షితంగా అదుపు చేయడం, ప్రమాదంలో ఉన్న రోగులను గుర్తించడం, నాలుగు మాటలు మాట్లాడి చికిత్సకు పంపడం కూడా ఈ ఎనిమిది గంటల్లో లెక్కకు వస్తాయి.

ఈ గంటలు ఒకే రోజు పూర్తి చేయనక్కరలేదు. చట్టం రాకముందు గుర్తింపు పొందిన సంస్థల దగ్గర చేసిన శిక్షణను కూడా కలుపుకోవచ్చు. గడచిన ఐదేళ్ళలో అమెరికన్ డెంటల్ స్కూల్ నుంచి పట్టా పొంది, అక్కడి పాఠ్యప్రణాళికలోనే ఈ విషయాలపై కనీసం ఎనిమిది గంటల బోధన ఉన్నవారికి మళ్ళీ శిక్షణ అవసరం లేదు. ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో బీడీఎస్ చదివి, అమెరికాలో విదేశీ దంతవైద్యుల కోసం కుదించిన అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ కోర్సు ద్వారా డీడీఎస్ లేదా డీఎండీ పూర్తి చేసినవారు ఈ మినహాయింపు తమకు వర్తిస్తుందని ఊహించుకోకుండా, తాము చదివిన కోర్సులో ఆ గంటలు ఉన్నాయో లేదో కళాశాలను అడిగి రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది.

డెంటల్ స్కూల్లో బోధించేవారిని, నలుగురైదుగురు డాక్టర్లతో క్లినిక్ నడిపేవారిని, స్టడీ క్లబ్ నిర్వహించేవారిని ఉద్దేశించి ఈ వ్యాసం రాస్తున్నాను. ఆన్‌లైన్‌లో వీడియోలు చూసి, చివర్లో ప్రశ్నలకు జవాబులు నొక్కి, సర్టిఫికెట్ దాచుకుంటే చట్టం కోరినది నెరవేరుతుంది. శుక్రవారం సాయంత్రం జ్ఞానదంతం తీసిన తరువాత ఏ మందు రాయాలి, ఎన్ని మాత్రలు రాయాలి అన్న విషయంలో చేతికి అలవాటైన పద్ధతి మాత్రం దానివల్ల మారదు. ఆ అలవాటు మారాలంటే శిక్షణ తమ సొంత ప్రిస్క్రిప్షన్లతో మొదలై, రోగితో మాట్లాడే మాటలను పైకి పలికి సాధన చేయడం మీద ఎక్కువ సమయం వెచ్చించాలి. ఎనిమిది గంటల్లో సగం గంటలైనా స్లైడ్లు లేకుండా గడవాలన్నది నా నిశ్చితాభిప్రాయం.

మన ప్రిస్క్రిప్షన్లే మొదటి పాఠం

శిక్షణకు రెండు వారాల ముందు, క్లినిక్ సాఫ్ట్‌వేర్ నుంచి గత మూడు నెలల్లో రాసిన ఓపియాయిడ్ ప్రిస్క్రిప్షన్లన్నిటినీ బయటికి తీయించాలి. ఒక్కొక్కదానికి ఎదురుగా చేసిన చికిత్స ఏమిటి, రోగి వయసెంత, ఏ మందు, ఎన్ని మాత్రలు, ఎన్ని రోజులకు, ఇబుప్రోఫెన్ వంటి మందు ఇవ్వకూడని కారణం ఏదైనా కేసు షీటులో ఉందా, రాష్ట్ర మందుల రికార్డు చూసినట్టు నమోదైందా, మరునాడు రోగికి ఫోన్ చేశారా అన్న వివరాలు రాయాలి. డాక్టర్ల పేర్లు తీసేసి, ఒకే రకమైన చికిత్సకు ఎవరెన్ని మాత్రలు రాశారో పక్కపక్కన చూపించాలి. ఒకే క్లినిక్‌లో, ఒకే రకం పన్ను తీసినందుకు ఒకరు ఏమీ రాయకపోవడం, ఇంకొకరు ఇరవై మాత్రలు రాయడం కనిపిస్తే, ఆ తేడా రోగి నొప్పి వల్ల వచ్చిందా, డాక్టరు చదువుకున్న చోటి అలవాటు వల్ల వచ్చిందా అన్న చర్చ దానంతట అదే మొదలవుతుంది. ఎవరినీ తప్పుపట్టే సభగా దీనిని నడపకూడదు. అలా నడిపితే రెండోసారి ఎవరూ తమ రికార్డులు బయటపెట్టరు.

ఈ చర్చకు నేపథ్యంగా కొన్ని అధ్యయనాలు చెబితే చాలు. 2016లో అమెరికన్ దంతవైద్యులు రాసిన ప్రిస్క్రిప్షన్లలో 22.3 శాతం ఓపియాయిడ్‌లు కాగా, ఇంగ్లండ్ దంతవైద్యుల విషయంలో అది 0.6 శాతం మాత్రమే. పన్ను రెండు దేశాల్లోనూ ఒకటే, తీసే పద్ధతీ దాదాపు ఒకటే, అలవాటు ఒక్కటే వేరు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో జ్ఞానదంతాలు తీయించుకున్నవారికి సగటున 28 ఓపియాయిడ్ మాత్రలు ఇవ్వగా, మూడు వారాల తరువాత సగానికి పైగా మాత్రలు వాడకుండా మిగిలిపోయాయి. ఆ మిగిలినవి ఇంట్లో మందుల అలమారలో ఉంటాయి. ఆ అలమార తలుపు ఇంట్లో అందరికీ తెరిచే ఉంటుంది.

మరొక అధ్యయనం మీద కొంచెం ఎక్కువసేపు ఆగాలి. 16 నుంచి 25 ఏళ్ళ వయసువారిలో, దంతవైద్యుల నుంచి ఓపియాయిడ్ తీసుకున్నవారిని, తీసుకోనివారిని ఏడాది పాటు పోల్చి చూశారు. తీసుకున్నవారిలో 6.9 శాతం మంది 90 రోజుల నుంచి ఏడాది లోపు మళ్ళీ ఓపియాయిడ్ ప్రిస్క్రిప్షన్ పొందారు, తీసుకోనివారిలో 0.1 శాతం మందే పొందారు. ఓపియాయిడ్ దుర్వినియోగానికి సంబంధించిన రోగనిర్ధారణ మొదటి వర్గంలో 5.8 శాతం మందికి, రెండో వర్గంలో 0.4 శాతం మందికి నమోదైంది. ఇటువంటి పోలిక కారణాన్ని నూటికి నూరుపాళ్ళు నిరూపించదని శిక్షకుడు నిజాయితీగా చెప్పాలి. అయినా, జీవితంలో మొదటి ఓపియాయిడ్ మాత్ర చాలామందికి జ్ఞానదంతం తీసే వయసులోనే, దంతవైద్యుని చేతి నుంచే అందుతుందన్న విషయం దీనితో గదిలో అందరికీ స్పష్టమవుతుంది.

అమెరికాలో 2022లో డ్రగ్ ఓవర్‌డోస్‌తో లక్షా ఏడు వేలకు పైగా ప్రజలు చనిపోయారు. అందులో అత్యధికం అక్రమంగా తయారైన ఫెంటనిల్ అనే అతి శక్తిమంతమైన ఓపియాయిడ్ వల్ల జరిగిన మరణాలే తప్ప, క్లినిక్‌లో రాసిన మాత్రల వల్ల జరిగినవి కావు. దేశం మొత్తం ఓపియాయిడ్ ప్రిస్క్రిప్షన్లలో దంతవైద్యుల వాటా 1998లో 15.5 శాతం ఉండగా 2012 నాటికే 6.4 శాతానికి తగ్గింది. ఈ రెండు సంగతులూ దాచకుండా చెప్పాలి. భయపెట్టి నేర్పితే డాక్టర్లు నిజంగా నొప్పితో ఉన్న రోగికి కూడా మందు నిరాకరించడం నేర్చుకుంటారు, అది ఇంకో హాని.

నొప్పి ప్రణాళిక: పాఠంలో అన్నిటికన్నా పెద్ద భాగం

పన్ను తీసిన తరువాత వచ్చే నొప్పి ప్రధానంగా వాపుతో కూడిన నొప్పి. కణజాలం దెబ్బతిన్నచోట ప్రోస్టాగ్లాండిన్‌లు తయారై నరాల చివరలను రెచ్చగొడతాయి. ఇబుప్రోఫెన్, నాప్రోక్సెన్ ఆ తయారీనే అడ్డుకుంటాయి. ఓపియాయిడ్ మెదడులో నొప్పి తెలిసే తీరును మారుస్తుంది గాని వాపు మీద పనిచేయదు. కాబట్టి ఓపియాయిడ్ బలమైన మందు, ఇబుప్రోఫెన్ బలహీనమైన మందు అనే మెట్ల లెక్క పంటి నొప్పికి పొసగదు. ఈ ఒక్క విషయం శిక్షణలో పాల్గొనేవారు తమ మాటల్లో రోగికి వివరించగలిగేదాకా వదలకూడదు.

అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2024లో టీనేజర్లకు, పెద్దవారికి సంబంధించి ఆమోదించిన మార్గదర్శకాలు దీనినే అంకెల్లో చెబుతాయి. పన్ను తీసిన తరువాత మొదట ఇవ్వవలసినది 400 మిల్లీగ్రాముల ఇబుప్రోఫెన్ లేదా 440 మిల్లీగ్రాముల నాప్రోక్సెన్ సోడియం, ఒక్కటిగా గానీ 500 మిల్లీగ్రాముల ఎసిటమినోఫెన్‌తో కలిపి గానీ. మన దగ్గర పారాసిటమాల్‌గా అమ్మేది ఈ ఎసిటమినోఫెనే. అమెరికాకు వచ్చిన తల్లిదండ్రులు బ్యాగులో తెచ్చుకున్న డోలో వేసుకుంటూ, పైన టైలెనాల్ కూడా వేసుకుంటే ఒకే మందు రెండింతలవుతుందని తెలుగు రోగులకు విడిగా చెప్పాలి. పెద్దవారికి రోజు మొత్తం మీద ఎసిటమినోఫెన్ 4,000 మిల్లీగ్రాములు దాటకూడదు. కాలేయ వ్యాధి ఉన్నవారికీ, రోజూ మద్యం తాగేవారికీ అంతకన్నా తక్కువే ఇవ్వాలి.

వేళ కూడా మందు అంత ముఖ్యం. మొదటి మోతాదు మత్తు ఇంజెక్షన్ ప్రభావం దిగకముందే కడుపులో పడాలి. ఆ తరువాత ఒకటి రెండు రోజులు, నొప్పి లేచేదాకా ఆగకుండా, గడియారం చూసి వేసుకోవాలి. పెద్దవారిలో కష్టమైన సర్జికల్ ఎక్స్‌ట్రాక్షన్ చివర బుపివకెయిన్ వంటి ఎక్కువసేపు నిలిచే మత్తు ఇంజెక్షన్ ఇస్తే మొదటి రాత్రి చాలామటుకు సుఖంగా గడుస్తుంది. పల్పైటిస్‌తో, అంటే పంటి లోపలి గుజ్జు (పల్ప్) వాపుతో, వచ్చిన రోగికి అసలు మందు రూట్ కెనాల్ గానీ, పన్ను తీయడం గానీ. కుర్చీ ఖాళీ లేదని ఓపియాయిడ్‌తో, యాంటీబయాటిక్‌తో సోమవారం దాకా నెట్టడం చికిత్స కాదు. అటువంటి రోగికి అదే రోజు పల్ప్ తెరిచి ఉపశమనం ఇవ్వడానికి అపాయింట్‌మెంట్ పుస్తకంలో కొంత సమయం ఖాళీగా ఉంచడం, నా దృష్టిలో, ఓపియాయిడ్ శిక్షణలోనే భాగం.

ఇబుప్రోఫెన్ అందరికీ సరిపడదు. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, రక్తం పలుచన చేసే మందులు, ఆస్పిరిన్‌తో రెచ్చిపోయే ఆస్తమా, ఐదో నెల దాటిన గర్భం ఉన్నవారిని ముందే గుర్తించాలి. ఇరవై వారాలు దాటిన గర్భిణులకు ఈ తరహా మందులు ఇవ్వవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో హెచ్చరించింది. ఇటువంటివారికి ఎసిటమినోఫెన్ మొదటి మందు. దానితో సరిపోనప్పుడే ఓపియాయిడ్ ప్రశ్న వస్తుంది. మార్గదర్శకాలు ఓపియాయిడ్‌ను పూర్తిగా నిషేధించలేదు. అతి తక్కువ మోతాదు, అతి తక్కువ మాత్రలు, అరుదుగా తప్ప మూడు రోజులకు మించకుండా ఇవ్వమన్నాయి. ‘ఒకవేళ నొప్పి వస్తే ఉంటుందిలే’ అని ముందుజాగ్రత్తగా రాసివ్వడాన్ని మాత్రం తప్పించమన్నాయి.

ఇక్కడ ఒక లెక్క అందరి చేతా కాగితం మీద చేయించాలి. హైడ్రోకోడోన్ 5 మిల్లీగ్రాములు, ఎసిటమినోఫెన్ 325 మిల్లీగ్రాములు కలిసిన మాత్ర, ఆరు గంటలకొకటి. రోజుకు నాలుగు మాత్రలు, మూడు రోజులకు పన్నెండు. హైడ్రోకోడోన్ బలాన్ని మార్ఫిన్‌తో సమానంగా లెక్కిస్తారు కాబట్టి రోజుకు 20 మార్ఫిన్ మిల్లీగ్రాములు. అదే ఆక్సికోడోన్ 5 మిల్లీగ్రాములైతే ఒకటిన్నర రెట్లు, రోజుకు 30. ఆ నాలుగు మాత్రల్లోనే 1,300 మిల్లీగ్రాముల ఎసిటమినోఫెన్ ఉంది. రోగి దానికి తోడు టైలెనాల్ 500 రోజుకు నాలుగు వేసుకుంటే 3,300 అవుతుంది. ఇలా చేత్తో లెక్క వేసిన డాక్టరు తరువాత ప్రిస్క్రిప్షన్ రాసేటప్పుడు ‘ఇరవై’ అన్న అంకెను అలవాటుగా రాయడు.

పిల్లల విషయం వేరుగా చెప్పాలి. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు కోడీన్ గానీ, నొప్పికి ట్రమడాల్ గానీ ఇవ్వకూడదని ఎఫ్‌డీఏ 2017లో స్పష్టం చేసింది. కొందరి శరీరం ఈ మందులను అతివేగంగా శక్తిమంతమైన రూపంలోకి మార్చేస్తుంది, ఊపిరి మందగించి పిల్లలు చనిపోయారు. భయపడే రోగులకు ట్రయజోలామ్ వంటి బెంజోడయజెపీన్ మాత్ర ఇచ్చి చికిత్స చేసే క్లినిక్‌లు, అదే రోజు ఓపియాయిడ్ కూడా రాసే ముందు రెండుసార్లు ఆలోచించాలి. ఈ రెండూ కలిస్తే ఊపిరి ఆగే ప్రమాదం ఉందని 2016 నుంచి వాటి లేబుళ్ళ మీద పెట్టె గీసి మరీ హెచ్చరిక ఉంది.

రాష్ట్రాల చట్టాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. తొలి ప్రిస్క్రిప్షన్‌కు మసాచుసెట్స్, న్యూయార్క్ ఏడు రోజుల పరిమితి పెట్టగా, న్యూజెర్సీ ఐదు రోజులు, ఫ్లోరిడా సాధారణంగా మూడు రోజులు పెట్టాయి. పాల్గొనేవారి చేతనే తమ రాష్ట్ర డెంటల్ బోర్డు ప్రస్తుత నిబంధన చదివించాలి.

రాష్ట్ర మందుల రికార్డు చదవడం

నియంత్రిత మందులు ఎవరికి, ఎప్పుడు, ఏ ఫార్మసీలో అందాయో చూపే పీడీఎంపీ అనే రికార్డు వ్యవస్థ ప్రతి రాష్ట్రంలోనూ ఉంది. కాలిఫోర్నియాలో దానిని క్యూర్స్ అంటారు, కెంటకీలో కాస్పర్ అంటారు. లాగిన్ చేయడం ఎలాగో నేర్పడానికి పది నిమిషాలు చాలు. డాక్టరు తరఫున రికార్డు తీసేందుకు అసిస్టెంటును అధికారికంగా నియమించుకునే వీలు చాలా రాష్ట్రాల్లో ఉంది, దానిని వాడుకోవాలి. అసలు కష్టం, కనిపించినదాన్ని అర్థం చేసుకోవడంలో ఉంది. ముగ్గురు డాక్టర్ల నుంచి మాత్రలు తీసుకున్న రోగి మోసగాడే కానక్కరలేదు. వీపు నొప్పికి ఒకరు, సర్జరీకి ఇంకొకరు, పన్ను పగిలినప్పుడు ఎమర్జెన్సీలో మరొకరు రాసి ఉండవచ్చు. రికార్డు చూసి రోగిని బయటికి పంపితే, సహాయం అందవలసిన మనిషిని చేజేతులా వదులుకున్నట్టే.

ఆ రికార్డులో కనిపించనివి కూడా నేర్పాలి. ఓపియాయిడ్ వ్యసనానికి చికిత్స చేసే మెథడోన్ క్లినిక్‌లో రోజువారీ ఇచ్చే మందు సాధారణంగా అందులో ఉండదు. వీధిలో కొన్న మాత్రలు ఉండవు. భారతదేశంలో కొన్నవి అసలే ఉండవు. మోకాళ్ళ నొప్పికి అక్కడ రాసిచ్చిన అల్ట్రాసెట్‌లో ట్రమడాల్ ఉంటుందని, అది ఓపియాయిడేనని, 2018 నుంచి భారత్‌లోనూ మాదకద్రవ్యాలను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం కిందకు వచ్చిందని తెలియక, వేసుకునేవారు దానిని మామూలు నొప్పి మాత్ర అనే చెబుతారు. ‘ఏ మందులు వాడుతున్నారు’ అని అడిగితే బీపీ, షుగర్ మాత్రల పేర్లే వస్తాయి. ‘ఇండియా నుంచి తెచ్చుకున్న స్ట్రిప్పులు ఏమైనా ఉంటే ఫోటో తీసి చూపించండి’ అని అడిగితే అసలు సంగతి బయటికి వస్తుంది.

మాట్లాడటం సాధన చేయించడం

శిక్షణలో అందరూ తప్పించుకోవాలని చూసే భాగం ఇదే, కాబట్టి ఇది భోజనానికి ముందు, అందరూ చురుకుగా ఉన్నప్పుడు జరగాలి. ముగ్గురేసి కూర్చోవాలి: ఒకరు డాక్టరు, ఒకరు రోగి, ఒకరు గమనించేవారు. మొదటి అభ్యాసం, అందరినీ అడిగే ఒకే ప్రశ్న: ‘గడచిన ఏడాదిలో మీరు ఎన్నిసార్లు ఏదైనా డ్రగ్ గానీ, డాక్టరు చెప్పిన అవసరానికి కాకుండా ప్రిస్క్రిప్షన్ మందు గానీ వాడారు?’ ఒక్కసారైనా వాడినట్టు జవాబొస్తే ఇంకా వివరంగా అడగాలి. ‘మీరు డ్రగ్స్ వాడరు కదా?’ అని అడిగితే ‘లేదు’ అన్న జవాబును మనమే నోటికి అందించినట్టవుతుంది. మనిషిని చూసి ఎంచుకుని అడగకూడదు. రక్తపోటు చూసినట్టే అందరినీ అడుగుతామని ముందే చెబితే ఎవరూ నొచ్చుకోరు.

రెండో అభ్యాసం, నొప్పి గురించి భయపడే కుటుంబంతో. టెక్సస్‌లో ఒక తెలుగు కుటుంబం, పదిహేడేళ్ళ అబ్బాయికి కింది జ్ఞానదంతాలు తీశారు అనుకుందాం. తల్లి అంటుంది: ‘రాత్రి నొప్పి ఎక్కువైతే ఏం చేయాలి డాక్టర్ గారూ? బలమైన మాత్రలు నాలుగు రాసివ్వండి, అవసరమైతేనే వేస్తాం.’ డాక్టరు పాత్రలో ఉన్నవారు చట్టం గురించి గానీ, వ్యసనం గురించి గానీ మొదలుపెడితే ఆ తల్లికి తన కొడుకుని అనుమానిస్తున్నట్టు అనిపిస్తుంది. రాత్రి గురించే మాట్లాడాలి: ‘రాత్రి గురించే ఇప్పుడు చెబుతానండీ. ఇంకో రెండు గంటల్లో మత్తు దిగుతుంది. దిగకముందే ఏదైనా మెత్తటిది తినిపించి ఇబుప్రోఫెన్ 400, టైలెనాల్ 500 కలిపి వేయండి. ఆరు గంటలకొకసారి, రేపు రాత్రి దాకా, నొప్పి లేకపోయినా ఆపొద్దు. వాపు రెండో రోజు, మూడో రోజు ఎక్కువవుతుంది, దానికి గాభరా పడకండి. ఇబుప్రోఫెన్ వాపు మీద పనిచేస్తుంది, మీరు అడుగుతున్నవి చేయవు. అయినా బాబు తట్టుకోలేకపోతే ఈ నంబరుకు ఫోన్ చేయండి, ఎంత రాత్రైనా మా వాళ్ళు ఎత్తుతారు.’ గమనించేవారు మూడు విషయాలు రాసుకోవాలి: ఆమె భయానికి జవాబు దొరికిందా, వేళలతో సహా మందు చెప్పారా, ఫోన్ చేసే దారి చూపారా. ఆ ఫోన్ నిజంగా ఎవరో ఒకరు ఎత్తే ఏర్పాటు లేని క్లినిక్ ఈ మాట చెప్పకూడదు.

మూడో అభ్యాసం కష్టమైనది. రోగి మందు పేరు పెట్టి అడుగుతాడు, మిగతావన్నీ తనకు పడవంటాడు, గొంతు పెంచుతాడు. ‘మీ నొప్పి నిజమేనని నమ్ముతున్నాను, దానిని ఈ రోజే తగ్గిస్తాను. ఈ మందు మాత్రం రాయలేను, ఎందుకో చెబుతాను’ అనే మాట ప్రశాంతంగా అనగలగాలి. ఆ తరువాత రోగి వాడకం గురించి ఏదైనా బయటపెడితే ఉపన్యాసం ఇవ్వకుండా, ‘దీని గురించి మీకేమనిపిస్తోంది? ఎవరితోనైనా మాట్లాడాలని ఉందా?’ అని అడగాలి. రుగ్మత ఉందో లేదో తేల్చడం దంతవైద్యుని పని కాదు. ఏడాది కాలంలో పదకొండు లక్షణాల్లో కనీసం రెండు ఉంటేనే అది రుగ్మత అని, ఎన్ని ఉన్నాయన్నదాన్ని బట్టి తీవ్రత నిర్ణయిస్తారని తెలిసి ఉంటే చాలు. పంపవలసిన చోటు మాత్రం చేతిలో సిద్ధంగా ఉండాలి. దగ్గరలోని చికిత్సా కేంద్రం పేరు, అక్కడ ఎవరితో మాట్లాడాలో, వ్యసన, మానసిక ఆరోగ్య సేవల ప్రభుత్వ సంస్థ సాంసా నడిపే, 24 గంటలూ పనిచేసే హెల్ప్‌లైన్ 1-800-662-4357 రాసిన కార్డు ప్రతి గదిలోనూ ఉండాలి. రోగి ఒప్పుకుంటే అతని ఎదుటే ఫోన్ కలిపి ఇవ్వడం, కార్డు ఇచ్చి పంపడం కన్నా చాలా మేలు.

టీనేజర్లతో కొన్ని నిమిషాలైనా తల్లిదండ్రులు లేకుండా మాట్లాడాలి. ఏ విషయం గోప్యంగా ఉంటుంది, ఏది చెప్పక తప్పదు అన్నది రాష్ట్ర చట్టం ప్రకారం ముందే వారికి చెప్పాలి. కేసు షీటులో మనిషికి ముద్ర వేసే మాటలు రాయకుండా, ‘ఓపియాయిడ్ వాడక రుగ్మత, బ్యూప్రెనార్ఫిన్ చికిత్సలో ఉన్నారు’ అని ఉన్నదున్నట్టు రాయాలి. తరువాత ఆ షీటు చదివే హైజీనిస్టు రోగిని ఎలా పలకరిస్తారన్నది ఆ మాటల మీదే ఆధారపడుతుంది.

చికిత్సలో ఉన్న రోగికి పన్ను చూడటం

ఇక్కడ దంతవైద్యునికి మాత్రమే చెందిన జ్ఞానం చాలా ఉంది, సాధారణ ఎనిమిది గంటల కోర్సుల్లో దీనికి చోటు తక్కువ. నాలుక కింద కరిగే బ్యూప్రెనార్ఫిన్ వాడేవారిలో పళ్ళు పుచ్చడం, ఇన్‌ఫెక్షన్లు, పళ్ళు ఊడడం కనిపించాయని ఎఫ్‌డీఏ 2022 జనవరిలో హెచ్చరించింది. మందు మానమని చెప్పకూడదు. ఆ మందే వారి ప్రాణాన్ని కాపాడుతోంది. పూర్తిగా కరిగాక నోటినిండా నీళ్ళు తీసుకుని మెల్లగా పుక్కిలించి మింగమని, పళ్ళు తోమడానికి కనీసం గంటసేపు ఆగమని చెప్పాలి. ఫ్లోరైడ్ చికిత్స, తరచూ చెకప్‌లు ఏర్పాటు చేయాలి.

పన్ను తీయవలసి వస్తే బ్యూప్రెనార్ఫిన్ గానీ, మెథడోన్ గానీ ఆపించకూడదు, రోజూ వేసుకునే మోతాదు వేసుకునే రావాలి. ఆ మోతాదు వారి రుగ్మతకే తప్ప పంటి నొప్పికి సరిపోదు. కాబట్టి మత్తు ఇంజెక్షన్, ఇబుప్రోఫెన్, ఎసిటమినోఫెన్ పూర్తిస్థాయిలో ఇవ్వాలి. మెథడోన్ తీసుకునేవారికి పెంటజోసిన్ వంటి మందు ఇస్తే విత్‌డ్రాయల్ (శరీరానికి అలవాటైన మందు అందనప్పుడు వచ్చే బాధ) ఒక్కసారిగా మొదలవుతుంది. నాల్‌ట్రెక్సోన్ ఇంజెక్షన్ తీసుకున్నవారి మీద దాదాపు నెల రోజులు ఓపియాయిడ్ పనిచేయదు, మోతాదు పెంచి దానిని దాటించాలని చూడటం ప్రాణాంతకం. సర్జరీకి ముందే, రోగి అనుమతితో, చికిత్స చేస్తున్న డాక్టరుతో మాట్లాడాలి. ఏళ్ళ తరబడి మానేసి ఉన్నవారు ‘నాకు ఆ మాత్రలు వద్దు’ అని వారంతట వారే అంటే, ఆ మాటను కేసు షీటు పైన కనిపించేలా రాసి గౌరవించాలి. ఓపియాయిడ్ తప్పనిసరైతే, ఇంట్లో నమ్మకమైనవారు మాత్రలు తమ దగ్గర పెట్టుకుని రోజుకు సరిపడా ఇచ్చే ఏర్పాటు చేయాలి.

కొకైన్, మెథాంఫెటమైన్ వాడినవారికి అడ్రినలిన్ కలిసిన మత్తు ఇంజెక్షన్ ఇస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. అత్యవసరం కాని చికిత్సను కనీసం 24 గంటలు వాయిదా వేయాలి. పైన చెప్పిన ఒక్క ప్రశ్నను నింద లేకుండా అడిగినచోటే రోగి నిన్న రాత్రి సంగతి నిజంగా చెబుతాడు.

2022 నాటి చట్టం బ్యూప్రెనార్ఫిన్ రాయడానికి గతంలో ఉన్న ప్రత్యేక అనుమతిని రద్దు చేసింది. దాని అర్థం దంతవైద్యులు వ్యసన చికిత్స మొదలుపెట్టవచ్చని కాదు. వృత్తి పరిధిని రాష్ట్ర డెంటల్ చట్టం నిర్ణయిస్తుంది. మన పని గుర్తించడం, పంపడం, నోటిని కాపాడటం.

నాలాక్సోన్ డ్రిల్లు

ఓపియాయిడ్ ఓవర్‌డోస్‌ను తిప్పికొట్టే మందు నాలాక్సోన్. 2023 మార్చిలో దాని 4 మిల్లీగ్రాముల నాసల్ స్ప్రేను ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మడానికి ఎఫ్‌డీఏ అనుమతించింది. క్లినిక్ ఎమర్జెన్సీ బాక్సులో అది ఉండాలి, ఫ్రంట్ డెస్క్ ఉద్యోగికి కూడా వాడటం రావాలి. కనుపాపలు సూదిమొనలంతగా చిన్నవవడం, ఊపిరి మందగించడం, పెదవులు నీలిరంగుకు తిరగడం, గట్టిగా కదిపినా లేవకపోవడం గుర్తులు. 911కు ఫోన్ చేయించి, వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, స్ప్రే మొనను ఒక ముక్కు రంధ్రంలోకి, వేళ్ళు ముక్కుకు తగిలేదాకా ఉంచి, బొటనవేలితో పూర్తిగా నొక్కాలి. ముందుగా గాలిలో నొక్కి పరీక్షించకూడదు. అందులో ఉన్నది ఒకే మోతాదు. ఊపిరి అందకపోతే కృత్రిమ శ్వాస ఇస్తూ, రెండు మూడు నిమిషాల్లో స్పందన లేకపోతే రెండోది ఇంకో రంధ్రంలో కొట్టాలి. ప్రభావం తగ్గాక మనిషి మళ్ళీ స్పృహ తప్పవచ్చు కనుక అంబులెన్సు వచ్చేదాకా పక్కనుండాలి. డమ్మీ స్ప్రేతో ప్రతి ఒక్కరూ ఒకసారి చేసి చూడాలి.

మిగిలిన మాత్రల సంగతి డిశ్చార్జి కాగితంలోనే ఉండాలి. ఫార్మసీలోని సేకరణ పెట్టెలో వేయవచ్చు, ఏటా ఏప్రిల్, అక్టోబరు నెలల్లో డీఈఏ నిర్వహించే సేకరణ రోజున ఇచ్చేయవచ్చు.

మూడు నెలల తరువాత

మొదటి రోజు తయారు చేసిన పట్టికనే మళ్ళీ తయారు చేయాలి. ఓపియాయిడ్ రాసిన రోగుల సంఖ్య, ఒక్కో ప్రిస్క్రిప్షన్‌లో మాత్రల సంఖ్య తగ్గాయా అన్నది సగం ప్రశ్న. నొప్పి తగ్గలేదని రాత్రి వచ్చిన ఫోన్లు, మరునాడు తిరిగి వచ్చిన రోగులు పెరిగారా అన్నది మిగతా సగం. మాత్రలు తగ్గి, ఫోన్లు పెరిగితే నొప్పి ప్రణాళికలో ఎక్కడో లోపముంది: మొదటి మోతాదు ఆలస్యమవుతోందా, డిశ్చార్జి కాగితంలో వేళలు రాయడం లేదా అని వెతకాలి. స్క్రీనింగ్ ప్రశ్న ఎంతమందిని అడిగారో, ఎంతమందిని చికిత్సకు పంపారో, వారిలో ఎంతమంది అక్కడికి చేరారో కూడా రాయాలి. ఈ చివరి అంకె తెలుసుకోవడానికి రోగి అనుమతి ముందే తీసుకుని ఉండాలి, లేకపోతే చికిత్సా కేంద్రం గోప్యతా నియమాల వల్ల ఏమీ చెప్పదు.

క్లినిక్‌లో కొత్తగా చేరిన అసోసియేట్‌కు ఈ రెండు పట్టికలూ మొదటి వారంలోనే చూపించి, ముగ్గురి అభ్యాసంలో మొదట రోగి పాత్రలో కూర్చోబెట్టాలి. డాక్టరు పాత్ర ఆ తరువాత ఇవ్వాలి.